వెంకటేశ్వర్లుకి నేనిచ్చిన సిఫార్సు

చాలా ఏళ్లుగా ఒక ఉత్తరం నా గుండెల మీద కూర్చుని ఉంది. రాసింది నేనే.

ఎనభైల మొదట్లో ఒహాయోలో ఒక యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా నాన్న తెనాలిలో మంగలి. ఒహాయోలో మాత్రం ఆయన రెవెన్యూ గుమాస్తా అని చెప్పుకున్నాను. డిపార్ట్‌మెంట్‌లో పక్క గది ప్రొఫెసర్ రావుగారు ప్లీడరు కొడుకు. తాతగారి లైబ్రరీ ఊసెత్తని రోజు లేదు. అవన్నీ విన్నాను, ఒక్కటీ మరిచిపోలేదు.

వెంకటేశ్వర్లు నా దగ్గర పీహెచ్‌డీ చేశాడు. నా విద్యార్థులందరిలోకీ తెలివైనవాడు. ఒక మధ్యాహ్నం డిపార్ట్‌మెంట్ టీ దగ్గర సంబరంగా అన్నాడు:

"సార్, మా నాన్న ఉత్తరం రాశాడు. మీ నాన్నగారి షాపులోనేనంట తను కత్తి పట్టడం నేర్చుకుంది. మీరు చెప్పనేలేదే."

రావుగారు కప్పు దించారు. "రెవెన్యూ అన్నారు కదండీ? పోన్లెండి, ఇక క్రాపుకి డౌన్‌టౌన్ దాకా డ్రైవ్ చేయక్కర్లేదు."

ఆ మాటని ఇంగ్లీషులో మిగతావాళ్లకీ చెప్పారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ శీతాకాలమే వెంకటేశ్వర్లు ఉద్యోగాలకి అప్లై చేశాడు. మా వృత్తిలో సిఫార్సుకి ఒక పద్ధతి ఉంది. ఎంత పొగిడినా లాభం లేదు. ఇదివరకటి ఫలానా విద్యార్థితో సమానం, ఫలానావాడికంటే మెరుగు అని పోల్చి రాయాలి. పోలిక లేదంటే గురువుకే నమ్మకం లేదని పక్కన పెట్టేస్తారు. నేను రెండు పేజీలు పొగిడాను. పోలిక రాయలేదు. మరిచిపోయానా? లేదు. ఆ చోటు వచ్చినప్పుడు టైప్‌రైటర్ మీద చేతులు ఆపుకుని, కాగితం బయటకు లాగి, సంతకం పెట్టాను. అవమానించింది రావుగారైతే ఇతని మీద ఎందుకు తీర్చుకున్నాను? రావుగారిని ఏమీ చేయలేను గనుక. అంతేనా? తండ్రి పని గురించి సిగ్గుపడకుండా చెప్పగలిగినవాణ్ణి చూసి ఓర్వలేకపోయాను.

ఒక్క యూనివర్సిటీ కూడా అతన్ని పిలవలేదు. పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాడు. వెళ్లేముందు నా గదికి వచ్చి, "రెండు పేజీలు రాశారంట, సెక్రటరీ చెప్పింది. మీ మేలు మర్చిపోను సార్" అన్నాడు. కూర్చోమని కూడా అనలేకపోయాను.

రావుగారి మీద కోపం చల్లారలేదు, చల్లారదు. కానీ ఆ ఉత్తరం ఆయన రాయలేదు. వెంకటేశ్వర్లుకి చెబితే వెంటనే క్షమించేస్తాడు. అది నేను తట్టుకోలేను. ఇది చదువుతున్న మీరు క్షమించరు. అందుకే మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది.