నునుపు బాబాయి కూతురి ముఖం

స్టూడియో బోర్డు మీద ఆయన అసలు పేరు ఒకప్పుడు ఉండేది. ఎండకు వెలిసి, వానకు కారి ఎప్పుడో మాయమైపోయింది. దానితో ఎవరికీ పని కూడా పడలేదు. వీధి వీధంతా ఆయన్ని నునుపు బాబాయి అనే పిలిచేది. మందుల షాపుకీ తాళాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న చిన్న ఫొటో స్టూడియో ఆయనది. లోపల ఒక గుండ్రటి స్టూలు, రెండు గొడుగు లైట్లు, గోడకు అద్దం, అద్దం పక్కన దారంతో కట్టేసిన దువ్వెన. దారం ఎందుకంటే, తల దువ్వుకున్న ఊపులో జనం దువ్వెన కూడా జేబులో వేసుకుపోతారు కాబట్టి.

ఆ పేరు ఊరికే రాలేదు. ఫొటోలో ముఖాలు సరిచేయడంలో ఆయన్ని మించినవాడు లేడు. ఫిల్ము రోజుల్లోనే పెన్సిలు మొనను సూదిలా చెక్కి, నెగటివ్ మీద చుక్క పక్కన చుక్క పెట్టి మొటిమల గుంటలు పూడ్చేవాడు. కంప్యూటరు వచ్చాక ఇక చెప్పనక్కర్లేదు. కళ్ల కింది నలుపు, మెడ మీది ముడతలు, పలచబడ్డ జుట్టు, అన్నీ ఆయన చేతిలో పడి సర్దుకునేవి. "దూరపు కొండలు నునుపంటారు. మా బాబాయి దగ్గర దగ్గరి కొండలూ నునుపే" అని తాళాలాయన వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు. ఒకావిడైతే మొగుడి ఫొటో తీసుకెళ్లడానికి వచ్చి, కవరు విప్పి కాసేపు చూసి, "ఈయన్ని నేను తీసుకెళ్తాను, ఇంట్లో ఉన్నాయన్ని మీరు ఉంచుకోండి" అందట.

ఎవరినీ మోసం చేయాలన్న బుద్ధి ఆయనకు లేదు. ఆ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది విన్నవాళ్లు ఆయన్ని ఆడిపోసుకుంటారు. మనిషి తన ఫొటో చూసుకుని ఒక్క నిమిషం సంతోషపడితే చాలనుకునేవాడు. మంచి మనసే. కొంపలు ముంచే పనులు చాలావరకు మంచి మనసుతోనే జరుగుతాయి, ఏం చేస్తాం.

ఆయనకు ఒక్కతే కూతురు. ఇంట్లో అమ్మలు అనేవారు. పుట్టడమే ఎడమ చెంప మీద గోధుమరంగు మచ్చతో పుట్టింది. కంటి కింద మొదలై దవడ దాకా ఉండేది. మూడో నెలలో స్టూడియోకి తీసుకొచ్చి, తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి మొదటి ఫొటో తీశాడు బాబాయి. తీసి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. చెరపాలని అనుకోలేదు. అనుకోవడం దాకా వెళ్లనే లేదు. చెయ్యి అలవాటుగా వెళ్లింది, మచ్చ పోయింది.

ఆయన భార్యని వీధిలో అందరూ పిన్ని అనేవారు. రక్తపరీక్షల కేంద్రంలో పని. రోజూ పొద్దున్నే వందమంది చేతుల్లో నరం వెతికి సూది గుచ్చే మనిషి కాబట్టి, ఉన్నది ఉన్నట్టు చూడటం ఆవిడకు బాగా అలవాటు. ఆ సాయంత్రం ఫొటో చేతికివ్వగానే అడిగింది.

"ఎవరి పిల్ల ఇది?"

"మన పిల్లే. ఆ మచ్చ ఒక్కటీ తీశాను, అంతే."

"కాకిపిల్ల కాకికి ముద్దంటారు. మీకు ఆ ముద్దుకి కూడా మెరుగు పెట్టాలా?"

"ఫొటోలోనే కదే. రేపు పెద్దయ్యాక చూసుకుని బాధపడకూడదని."

పిన్ని తల తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ రోజే ఇంకో నాలుగు మాటలు గట్టిగా అనాల్సిందని తర్వాత ఆవిడ ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

అలా మొదలైంది. మొదటి పుట్టినరోజు, బడిలో చేరిన రోజు, పన్ను ఊడిన రోజు, పరుగుపందెంలో కప్పు గెలిచిన రోజు. హాలు గోడ నిండా అమ్మలే, ఏ ఒక్కదాంట్లోనూ మచ్చ లేదు. పైగా స్టూడియోలో ఒక పద్ధతి ఉండేది. పని పూర్తయ్యాక సరిచేసిన ఫొటో ఉంచి, అసలుది తీసేయాలి. లేకపోతే కంప్యూటరు నిండిపోతుంది. కూతురి ఫొటోలకూ అదే పద్ధతి. బడి గుర్తింపు కార్డు మీదా, కాలేజీ కార్డు మీదా, బ్యాంకు పుస్తకం మీదా ఆయన చేత్తో చేసిన ఫొటోలే. కూతురి పని వేరేవాళ్లకు ఇస్తాడా మరి?

అద్దంలో ఒక అమ్మలు, గోడ మీద ఇంకో అమ్మలు. పిల్ల ఈ ఇద్దరి మధ్యా పెరిగింది. చిన్నప్పుడు పట్టించుకోలేదు. పదిహేనేళ్లకు చేతికి ఫోను వచ్చింది. తండ్రి గంట కూర్చుని చేసే పనిని ఆ ఫోను రెప్పపాటులో చేసేది. స్నేహితులందరూ అలా నునుపు చేసిన ఫొటోలే పెట్టుకునేవాళ్లు, ఒకరికొకరు హృదయం బొమ్మలు పంపుకునేవాళ్లు. అమ్మలుకు అది కొత్త వింతేం కాదు, పుట్టినప్పటి నుంచీ ఇంట్లో నడుస్తున్నదే. మెల్లమెల్లగా జుట్టు ఎడమ చెంప మీదికి దించుకోవడం మొదలుపెట్టింది. బస్సులో ఎప్పుడూ ఎడమవైపు కిటికీ సీటే. ఇంటికి ఎవరైనా వస్తే గోడ వైపు ముఖం పెట్టి కూర్చునేది.

"దాని వాలకం చూస్తున్నారా?" అని పిన్ని అడిగితే, "ఆ వయసే అంత. అదే పోతుంది" అన్నాడు బాబాయి. ఊళ్లోవాళ్ల ముఖాల్లో వెంట్రుకవాసి గీతను కూడా పట్టుకునే కళ్లు, సొంత ఇంట్లో ఇంత కనపడుతున్నా చూడలేకపోయాయి.

పై చదువు ప్రవేశ పరీక్ష వచ్చింది. అమ్మలు రెండేళ్లు దానికోసమే చదివింది. దరఖాస్తుకు ఫొటో కావాలి. ఇప్పుడు వినండి, స్టూడియో గోడ మీద బాబాయి తన చేత్తో పెద్ద అక్షరాల్లో రాసి అంటించిన కాగితం ఒకటుంది: "గుర్తింపు ఫొటోలు సరిచేయబడవు." సరిచేస్తే ఆఫీసుల్లో తిప్పి పంపుతారని ఆయనకు ముప్ఫై ఏళ్ల అనుభవం. మహామహులు వచ్చి బతిమాలినా ముట్టుకునేవాడు కాదు. అలాంటి మనిషి, ఆ కాగితం కిందే కూర్చుని, ఈసారీ కూతురి ఫొటోలో మచ్చ తీసేశాడు. అది నియమం తప్పడమని ఆయనకు తోచనే లేదు. అమ్మలు ముఖం అంటే ఆయన లెక్కలో అదే అయిపోయింది.

పరీక్ష రోజు గేటు దగ్గర ముఖాన్ని ఫొటోతో పోల్చి చూసే యంత్రం పెట్టారు. అమ్మలు నిలబడగానే ఎర్రదీపం వెలిగింది. మళ్లీ నిలబెట్టారు, మళ్లీ ఎర్రదీపమే. అక్కడున్న ఉద్యోగిని హాల్‌టికెట్టు చూసి, ముఖం చూసింది.

"ఈ ఫొటో నీదేనా?"

"నాదే మేడం."

కాలేజీ కార్డు అడిగింది. దాంట్లోనూ మచ్చ లేదు. బ్యాంకు పుస్తకం చూపిస్తే దాంట్లోనూ లేదు. ఆవిడ సంచిలోంచి తడి కాగితం తీసి ఇచ్చింది. "చెంప మీద ఏదో అంటుకున్నట్టుంది, తుడుచుకో" అంది. కసిరి చెప్పలేదు, మామూలుగానే చెప్పింది. వెనక రెండు వందల మంది పిల్లలు వరసలో నిలబడి చూస్తున్నారు. అమ్మలు తుడుచుకుంది. ఇంకా గట్టిగా తుడవమంటే ఇంకా గట్టిగా తుడుచుకుంది. చెంప కందిపోయింది గానీ మచ్చ ఎక్కడికి పోతుంది?

పక్కకు నిలబెట్టి తల్లికి ఫోను చేశారు. పిన్ని పనిలోంచి పరుగున వచ్చి, మచ్చ పుట్టుకతోనే ఉందని రాసిన ఆసుపత్రి కాగితం చూపించి, వాదించి, లోపలికి పంపేలా చేసేసరికి సగం పరీక్ష అయిపోయింది. "వెళ్లు తల్లీ, ఉన్నంతలో రాయి" అని పిన్ని అంటే, అమ్మలు తల అడ్డంగా ఊపింది. ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చేశారు.

ఆ రోజు గదిలోకి వెళ్లిన పిల్ల మళ్లీ బయటికి రాలేదనే చెప్పాలి. అద్దానికి దుప్పటి కప్పింది. హాల్లో ఫొటోలన్నీ గోడ వైపు తిప్పేసింది. కంచం గుమ్మం దగ్గర పెడితే సగం తిని సగం వదిలేది. వారానికోసారి స్నానం. స్నేహితులు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఒకరోజు పిన్నితో, "అమ్మా, పొద్దున లేవాలంటే ఎందుకు లేవాలో తెలియట్లేదు" అంది. పిన్ని ఆ రాత్రి దాని గదిలోనే పడుకుంది.

బాబాయి మాత్రం స్టూడియోకి వచ్చినవాళ్లందరి దగ్గరా ఒకటే పాట. "ఈ ఫోన్లండీ, పిల్లల బుర్రలు పాడుచేస్తున్నాయి. లోకమంతా ముఖాల పిచ్చిలో పడింది." అబద్ధమేం కాదు, పడింది. ఆ మాట ఆయన ఒకరి గడ్డం కింద ముడత చెరుపుతూ చెప్పేవాడు, అదీ సంగతి.

నాలుగు నెలలు చూసి పిన్ని మనసు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మందులిచ్చారు, వారం వారం రమ్మన్నారు. ఆరో వారం డాక్టరమ్మ బాబాయిని కూడా పిలిపించింది. "చిన్నప్పటి ఫొటో ఒకటి తీసుకురండి. ఐదారేళ్లప్పటిది. ఏమీ మార్చనిది" అంది.

బాబాయి మధ్యాహ్నం స్టూడియో షట్టరు సగం దించి వెతకడం మొదలుపెట్టాడు. కంప్యూటరు, పాత డిస్కులు, అట్టపెట్టెలు, కవర్లు అన్నీ తిరగేశాడు. ఆరువందల పైచిలుకు ఫొటోలు దొరికాయి. ఒక్కదాంట్లోనూ కూతురు లేదు. బంధువులకు ఫోన్లు చేశాడు. "మీరుండగా మేమెందుకు తీస్తాం బాబాయ్, మీరు తీసి పంపినవే మా దగ్గరున్నాయి" అన్నారు అందరూ. మూడు రోజులు అలా వెతికి, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆయన తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. అమ్మలు ఆరేళ్ల ఫొటో ఒకటి తెర మీద పెట్టుకుని, ఎడమ చెంప మీద మచ్చను మళ్లీ గీశాడు.

రెండు గంటలు పట్టింది. ఎప్పుడూ అంత శ్రద్ధగా పనిచేయలేదు. అచ్చు తీసి, డాక్టరమ్మ గదిలో కూతురి చేతిలో పెట్టాడు.

అమ్మలు ఫొటో వైపు చాలాసేపు చూసింది. తర్వాత వేలితో తన చెంప తడుముకుంది.

"ఇది కూడా నువ్వు చేసిందే కదా నాన్నా?"

బాబాయి అవునన్నట్టు తలూపి, అలాగే దించుకున్నాడు.

"నా మచ్చ అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. చెవి దగ్గర నల్లగా, దళసరిగా ఉంటుంది. సన్నటి వెంట్రుకలుంటాయి. దీంట్లో చూడు, చుట్టూ మెత్తగా కలిపేశావు." ఆ పిల్ల గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మచ్చని కూడా అందంగా గీశావు."

"నాకు తెలీకుండానే చెయ్యి అలా పోయింది తల్లీ."

"నా ముఖం నీకు ఎప్పుడైనా నచ్చిందా?"

"నీ ముఖం నా ప్రాణం."

"ఏ ముఖం నాన్నా?"

పిన్ని కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది. బాబాయి తలెత్తాడు. "నువ్వు పుట్టిన రోజు, చూడటానికి వచ్చినావిడ 'ఇది తగ్గుతుందా' అని అడిగింది. నాకు సిగ్గేసింది. నిన్ను చూసి కాదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిన్ను చూసే సిగ్గుపడ్డాను. లోకం నిన్నేమైనా అంటుందని భయం."

"లోకం అనకముందే నువ్వన్నావు. ప్రతి ఫొటోలో అన్నావు."

ఆ తర్వాత అమ్మలు కోలుకోలేదని కాదు, కోలుకుంది. మందులు, డాక్టరమ్మ మాటలు, తల్లి ఓర్పు, అన్నీ కలిసి ఏడాదికి పిల్లను గదిలోంచి బయటికి తెచ్చాయి. మొదట డాబా దాకా, తర్వాత వీధి చివర దాకా. జుట్టు వెనక్కి దువ్వి ముడివేసుకోవడానికి ఇంకో మూడు నెలలు పట్టింది. బాబాయి హాలు గోడ మీది ఫొటోలన్నీ తీసేశాడు. మేకులు మాత్రం అలాగే ఉన్నాయి. స్టూడియోలో ఎవరైనా కాస్త నునుపు చేయమంటే, "ఉండనివ్వండి, బాగానే ఉంది" అంటున్నాడు. సగం మంది వేరే షాపుకి వెళ్లిపోయారు.

మళ్లీ పరీక్షకు దరఖాస్తు పెట్టుకునే రోజు వచ్చింది. బాబాయి స్టూడియో ఊడ్చి, లైట్లు తుడిచి, అడగకుండానే ఎదురుచూశాడు. ఉన్నది ఉన్నట్టు తీస్తానని, ఒక్క చుక్క కూడా ముట్టుకోనని చెప్పాల్సిన మాటలన్నీ సిద్ధం చేసుకున్నాడు. అమ్మలు రాలేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి పిల్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు నింపుతోంది. పక్కన నాలుగు చిన్న ఫొటోలు. రైల్వే స్టేషన్‌లో నిమిషంలో ఫొటో తీసిచ్చే యంత్రం ఉంటుందే, దాంట్లో దిగినవి. వెలుగు బాగాలేదు, తల కాస్త వంగింది. ఎడమ చెంప మీద మచ్చ ఎగుడుదిగుడు అంచులతో, చెవి దగ్గర నల్లగా, ఉన్నది ఉన్నట్టుగా ఉంది.

బాబాయి బల్ల మీదికి వంగి చూశాడు. పద్దెనిమిదేళ్లలో కూతురి ఫొటో ఆయన చూడటం అదే మొదటిసారి.

"ఒకటి నేను తీసుకోనా అమ్మలూ?"

"దేనికి నాన్నా?"

"ఊరికే. నా దగ్గర ఉంచుకోవడానికి."

అమ్మలు కలం పక్కన పెట్టి ఆయన ముఖంలోకి చూసింది. ఒకటి దరఖాస్తు మీద అంటించింది. ఇంకోటి హాల్‌టికెట్టు కోసం పక్కన పెట్టింది. మిగిలిన రెండూ చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, కవరులో పెట్టి మూత అంటించింది.

"తర్వాత చూద్దాంలే నాన్నా" అంది.

"సరే తల్లీ" అన్నాడు బాబాయి.