మిద్దె మీద నీళ్ళు

కార్తీక మాసం, ఆఖరి సోమవారం. చిత్తూరుకు పడమట మా అక్క ఊరు. ఆ రోజు అక్కడ ఉన్నవారు: మా అక్క, ఆమె కొడుకు, నా భార్య, నేను. కొట్టంలో కట్టిన ఆవును కూడా డైరీలో రాసుకున్నాను. ఎందుకంటే మా అందరికంటే ముందు దానికే తెలిసేది.

బస్సు డిపోలో కంట్రోలరుగా చేసి రిటైరై తిరుపతిలో ఉంటున్నాను. ఆ ఏడు తెరిపి లేని వానలు ఆగిన తరువాత అక్క ఊళ్ళో నేల కింద శబ్దాలు మొదలయ్యాయి. క్వారీలో మందు పేల్చినట్టు ఒక మోత, వెంటనే పాదాల కింద చిన్న వణుకు. ఉరుము పైనుంచి రావాలి. ఇది కిందినుంచి వచ్చేది. చూడటానికి వచ్చిన అధికారులు, నీరు రాతి పగుళ్ళలోకి ఇంకుతున్నప్పుడు ఇలా జరుగుతుందని, దానంతట అదే తగ్గిపోవచ్చని, అంతవరకు పాత ఇళ్ళలో పడుకోవద్దని చెప్పి వెళ్ళారట. తగ్గకపోతే ఏమిటన్నది ఎవరూ చెప్పలేదు. అందుకే బయలుదేరి వచ్చాం.

అక్క ఇల్లు రాతి స్తంభాల మీద బండలు పరిచిన పాత మిద్దె. ఆ బండల మీద, సరిగ్గా ఆమె పడుకునే గదికి పైన, పెద్ద నల్ల నీళ్ళ ట్యాంకు ఉంది. కరువు సంవత్సరాల్లో మేనల్లుడు పెట్టించాడు. కరెంటు రాగానే మోటారు వేసి దాన్ని అంచుల దాకా నింపడం ఆ ఇంటి అలవాటు. ఊరి బావులన్నీ పొర్లుతున్నా అలవాటు మారలేదు. ట్యాంకు దిగువన గోడలో కొత్త పగులు కనిపించింది. నా చిటికెన వేలు అందులో దూరింది. వేలు తీసి ఆ గోడకు దూరంగా జరిగాను.

వచ్చిన పని మొదలుపెట్టాను. అటక మీది ఇత్తడి సామాను దించించాను. బిగుసుకుపోయే తలుపు గడియ ఊడదీయించాను. టార్చి, అక్క మందులు, చెప్పులు సంచిలో వేసి గడప పక్కన తగిలించాను. ఇంటికి దూరంగా టార్పాలిన్ కట్టించి కింద మంచం వేయించాను. అన్నింటికీ అక్క సరేనంది. ట్యాంకు ఖాళీ చేయమనే సరికి లేచి నిలబడింది.

"నీళ్ళు పారబోసేదా? ఏం రా, మతి ఉండాదా నీకు?"

"బావిలో చెయ్యి ముంచితే అందుతా ఉండాయి కదక్కా నీళ్ళు."

"ఈ పొద్దు ఉండాయి. ఎండాకాలం వస్తే నీ డిపోనుంచి బస్సులో తోలిస్తావా?"

మేనల్లుడు నవ్వాడు. "కరువులో నీళ్ళ ట్యాంకరు కోసం రోడ్డుమింద బిందె పక్కన పండుకున్న మనిషి మామా. నేను సెప్పి సెప్పి ఇడిసిపెట్టినా."

"అంత బరువు నీ నెత్తిమీద ఉండాదక్కా," అన్నాను.

"నెత్తిమీద నీళ్ళుంటేనే రా నాకు నిద్ర పట్టేది."

అందరితో పాటు నేనూ నవ్వాను. నవ్వుతూనే పైనున్న బండను చూశాను.

దీపాలు పెట్టే వేళకు ఆవు గబుక్కున లేచి తాడు లాగింది. ఈసారి మోత ఒక్కటి కాదు. నేల అడుగున ఎవరో రోలు దొర్లిస్తున్నట్టు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. నలుగురం వాకిట్లోకి వచ్చిపడ్డాం. నేను అక్కడే కూలబడ్డాను.

వణుకు ఆగగానే మిద్దె మీద ఫట్‌మని ట్యాంకు పైపు విరిగింది. నీళ్ళు చూరు మీదుగా ధార కట్టాయి.

"అయ్యో, నీళ్ళు!"

అక్క బిందె అందుకుని, మేం పారిపోయి వచ్చిన ఆ పగులు గోడ కిందికే పరుగెత్తింది. ఒక బిందె నిండింది. ఇంకొకటి పెట్టింది. బండల సందుల్లోని సున్నం ఆమె జుట్టు మీద రాలుతోంది. నేను ఇంకా నేల మీదే ఉన్నాను. నా భార్యే వెళ్ళింది.

"వదినా, ఆ బిందె ఇట్లియ్యి, నేను పట్టుకుంటా."

అక్క నమ్మి ఇచ్చింది. నా భార్య ఆ బిందెతో వెనక్కి తిరిగి, టార్పాలిన్ వైపు చకచకా నడిచింది.

"యాడికి మే ఎత్తకపోతా ఉండావు నా బిందె?" అంటూ అక్క బిందె వెంటే వచ్చింది.

ట్యాంకును అలాగే కారనిస్తే అదే ఖాళీ అయి మా పని తీరేది. కానీ నేను వద్దు వద్దంటున్నా మేనల్లుడు బయటి మెట్లెక్కి వాల్వు కట్టేసి దిగాడు. నీళ్ళు వృథాగా పోతుంటే ఆ ఇంట్లో ఎవరి చేతులూ ఊరుకోవు. అతను మా దగ్గరికి వచ్చాడో లేదో, నేల మళ్ళీ కదిలింది. పిట్టగోడ రాయి ఒకటి ఊడి, అక్క వదిలివచ్చిన మొదటి బిందె మీద పడింది. ఇత్తడి మూతి లోపలికి నొక్కుకుపోయింది. అక్క ఆ బిందెను చూస్తూ కూర్చుంది.

మరునాడు పొద్దున్నే కొడుకును లేపింది. "ట్యాంకు ఖాళీ చేసేయ్ రా. ఒక్క చుక్క నేలపాలు కాకూడదు."

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు బిందెలతో వచ్చారు. విరిగిన పైపుకు గొట్టం తగిలించి, గోడకు దూరంగా వాకిట్లో నీళ్ళు పట్టారు. అటక మీంచి నేను దించించిన గంగాళాలు, ఆవు కుడితి తొట్టి, నొక్కుకుపోయిన బిందె కూడా నిండాయి. ఖాళీ ట్యాంకును మేనల్లుడు మోకు కట్టి కిందికి దించాడు. హమ్మయ్య అనుకుంటుండగా నేల కింద మళ్ళీ మోగింది. ఎవరూ పరుగెత్తలేదు. వాకిలి నిండా బారులు తీరిన బిందెలన్నిటిలో నీళ్ళు ఒక్కసారిగా వణికాయి. అందరం వాటినే చూస్తూ నిలబడిపోయాం.

"మూతలు పెట్టండి మే, తొణికిపోతాయి," అంది అక్క.

నేనూ ఒక మూత తీసుకుని వంగాను. అది బిందె అంచుకు తగిలి గలగలమంటూనే ఉంది. అప్పటికి నేల ఊరుకుని చాలాసేపయింది.