వాకిట్లో నిలబడి రాసిన రిపోర్టు

ముప్పై ఏండ్లకు పైనే అయింది ఈ బరువు మోయబట్టి. దించుకునేదానికి చోటు దొరకలేదంటే అది ఇంకో అబద్ధం. నేను వెతకలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్తాండాను.

నేను శవపరీక్షలు చేసే డాక్టర్ని. ఇప్పుడు రిటైరైనాను. కోలారు జిల్లాలో సావు కేసులు సరిగా విచారించేది నేర్పించింది ఈయనే అని నాకు శాలువాలు కప్పినారు. పోలీసులకూ, కొత్త డాక్టర్లకూ ఎన్ని క్లాసులు చెప్పినానో లెక్కలేదు. నీ కండ్లతో చూడందే ఒక్క అక్షరం రాయొద్దు అనేవాణ్ణి. దానికి ఒక కేసు చెప్పేవాణ్ణి, ఎవరో ఒక డాక్టరు ఎప్పుడో యాడనో ఇట్లా చేసినాడంట అని. వినేవాళ్ళు ఛీ అనేవాళ్ళు. వాళ్ళతో పాటు నేనూ తల ఊపేవాణ్ణి. ఎంత సిగ్గులేని తల!

ఆ డాక్టరు నేనే.

అప్పట్లో మా ఆస్పత్రిలో ఒక పద్ధతుండేది. శవాన్ని కోసేది మార్చురీ పనివాడు మునెప్ప. డాక్టరు ముక్కుకు కర్చీఫ్ కట్టుకొని వాకిట్లోనే నిలబడతాడు. మునెప్ప లోపల్నుంచి అరిచి చెప్పేది, డాక్టరు రాసుకునేది. నాకు ముందొచ్చినోళ్ళందరూ అట్లనే చేసినారు. నేనూ అట్లనే చేసినాను.

ఆ రోజు వచ్చిన శవం కేజీఎఫ్ మనిషిది. చాన్నాళ్ళు అక్కడి బంగారు గనిలో దిగి పనిచేసి, దగ్గు ముదిరి పని మానుకొని, శ్రీనివాసపురం పక్క మామిడితోటల్లో పురుగుల మందు కొట్టే కూలికి పోతాండినాడు. ఒక మధ్యాహ్నం తోట నుంచి ఇంటికొచ్చి, అన్నం తిని, కాసేపటికే పడిపోయినాడు. పెండ్లామే అన్నంలో విషం కలిపిందని అతని అన్న స్టేషన్లో కంప్లెయింట్ ఇచ్చినాడు.

పురుగుల మందు వాసన వస్తాండాది సార్ అని మునెప్ప అరిచినాడు. కడుపులో వాసన అని నేను రాసుకున్నాను. ఊపిరితిత్తులు రాయి మాదిరుండాయి, కత్తి దిగడం లేదు, వచ్చి చూడండి సార్ అని కూడా పిలిచినాడు. పోలేదు. ఆకలేస్తాండె, భోంచేయల్ల, అంతే. ఇంతకంటే పెద్ద కారణమేదన్నా ఉండకూడదా అని ఎన్నేండ్లు వెతుక్కున్నానో. లేదు.

వారం తర్వాత మునెప్పే వచ్చి చెప్పినాడు, ఆ వాసన చొక్కాది, కడుపుది కాదని. పొద్దున తోటలో మందు కొట్టిన చొక్కానే వంటిమీద ఉండింది. గనిదుమ్ముకు గట్టిపడిన తిత్తులున్న మనిషి ఏ విషమూ లేకుండానే కుప్పకూలొచ్చు. కడుపులోవి ముక్కలు కోసి ల్యాబుకు పంపిన సీసాల్లో, చెడిపోకుండా పోసే ఉప్పునీళ్ళు చాలక లోపలిదంతా కుళ్ళిపోయి, ఏమీ తేల్చలేమని జవాబొచ్చింది. ఆ సీసాలు చూసుకోవాల్సింది కూడా నేనే. ఇంగ మిగిలింది నా రిపోర్టొక్కటే. దిద్దొచ్చు కదా? దిద్దితే లోపలికి పోలేదని ఒప్పుకోవల్ల. ఉద్యోగం పోతుందని భయం. భయమేనా? పరువు కూడా.

కోర్టులో బోనెక్కి, నేనే కోసినాను, నేనే వాసన చూసినాను అని ప్రమాణం చేసి చెప్పినాను. మాట తడబడలేదు.

బయట వరండాలో అతని పెండ్లాన్ని పోలీసులు కూర్చోబెట్టింటిరి. చంకలో ఆడబిడ్డ, రెండేండ్లుంటాయి. నన్ను చూసి లేచింది. తిడుతుందనుకున్నాను.

"అప్పా, మా ఆయన తిత్తులు చూసినారా? దగ్గి దగ్గి ఊపిరందేది కాదు, దాంతోనే పోయినాడేమో అని..."

"చూసినానమ్మా. బాగానే ఉండాయి."

"మీరు చూసింటే సరేలేప్పా. చదువుకున్నోళ్ళు."

అంతే అనింది. బిడ్డను ఇంకో చంకకు మార్చుకొని కూర్చునింది. నా మీద కోపమే లేదామెకు. నన్ను నమ్మింది!

యావజ్జీవం వేసినారు. శిక్ష పడిన ఏడో ఏట జ్వరమొచ్చి జైల్లోనే పోయింది. ఆ తర్వాత నేను వాకిట్లో నిలబడింది లేదు, ఎవర్నీ నిలబడనిచ్చిందీ లేదు. మంచి డాక్టరని పేరొచ్చింది. ఆమె పోతేగానీ నాకు ఆ పేరు రాకూడదా? ఈ ప్రశ్న నన్ను తినేస్తాండాది.

ఆ బిడ్డను, కంప్లెయింట్ ఇచ్చిన పెదనాయనే సాకినాడు. ఇప్పుడు కేజీఎఫ్‌లోనే బట్టలు కుడతాండాది. ఇంట్లో నాయన ఫోటో ఉండాది, అమ్మది లేదు. విచారించి తెలుసుకున్నాను. నాయన్ను చంపిన మనిషి ఫోటో ఎవరు పెట్టుకుంటారు? రెండుసార్లు ఆ వీధి దాకా పోయి, మొగం చూపించలేక తిరిగొచ్చేసినాను.

పోయిన సోమవారం ఆ బిడ్డకు జాబు రాసినాను. క్షమించమ్మా అని మొదలుపెట్టి కొట్టేసినాను. అడిగేదానికి నాకేం హక్కుండాది? మీ నాయన ఎట్లా పోయినాడో నాకు తెలీదు, నేను చూడలేదు, మీ అమ్మ విషం పెట్టిందనేదానికి సాక్ష్యమంతా నా అబద్ధమే అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం పెట్టినాను. ఆమె చదువుతుందో, చించి పొయ్యిలో పెడుతుందో. పోస్టుడబ్బాలో వేసి ఇంటికొచ్చి కూర్చుంటే మనసు కొంచెం తేలికైంది. అందుకూ సిగ్గుగానే ఉండాది.