సరోజమ్మ అడగని ప్రశ్న

ఎండలో ఆరిన దుప్పటి వాసన తగిలితే చాలు, నాకు సరోజమ్మ గుర్తొస్తుంది. తిరుపతి బస్టాండు వెనక ఒక లాడ్జిలో నేను గదులు శుభ్రం చేసేదాన్ని, ఆమె కౌంటర్లో కూర్చునేది. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. అయినా యాభై ఆరేళ్ల వయసులో నాకు అక్షరాలు నేర్పింది ఆమే. యాత్రికులంతా కొండకు పోయాక, లాడ్జి బిల్లుల చీటీలన్నీ నా ముందు పరిచి "చదువక్కా" అనేది. తప్పు చదివితే నవ్వేది. నేను తిట్టేదాన్ని. మళ్లీ చదివించేది.

నా చేత గదులు తుడిపించడంలోనూ ఆమెకొక పట్టుదల ఉండేది. దిండు మీద వెంట్రుక, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ల, ఏదీ మిగలకూడదు. "ముందు దిగినోళ్లు ఎవురో వెనకొచ్చినోళ్లకు తెలియకూడదు" అనేది.

చదువు వచ్చాక ఊరుకుంటానా? దగ్గినా తుమ్మినా నాకు చీర తడిసేది. ఆ భయానికి రెండేళ్లుగా గట్టిగా నవ్వడమే మానేశాను. ఇంట్లో నా ఫోను అందరి చేతుల్లో తిరుగుతుంది. అందుకని ఒకరోజు కౌంటరు ఖాళీగా ఉంటే, అక్కడి కంప్యూటర్లో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుని నా బాధ టైపు కొట్టాను.

మర్నాటి నుంచి ఆ తెర మీద ఏది తెరిచినా పక్కన పెద్దవాళ్ల డైపర్ల ప్రకటనలే. మేనేజరు వాచ్‌మన్‌ను పిలిచి మరీ చూపించాడు.

"ఎవురబ్బా ఈడ పక్క తడిపేది?"

"రాత్రిపూట ఆ కుర్చీలో కూసోనేది మీరే గదా సార్!" అన్నాడు వాచ్‌మన్.

అందరూ పడీపడీ నవ్వారు. నేను చీపురుతో సహా గోడకు అతుక్కుపోయాను. నా పేరు బయటపడితే పనీ చదువూ వదిలేసి పోదామనుకున్నాను.

సరోజమ్మ తలెత్తకుండానే అంది. "నేనే సార్ సూసింది. మా అత్తకి. ఇంగ నవ్వండి."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె అత్త చనిపోయి అప్పటికే చాలా ఏళ్లు.

ఆ మధ్యాహ్నం నా ఫోను తీసుకుని వేరే బ్రౌజరు వేసింది. "మనం ఏం ఎతికినామో గుర్తుపెట్టుకోని ఎంటబడేటివి ఉంటాయక్కా. ఇది వాటిని శానామటుకు ఆపుతాది. మూసేస్తే గది ఖాళీ చేసినట్టు తుడిచేస్తాది."

"దాచుకునేదానికి నేనేం తప్పు చేసినా?" అని కసిరాను.

"నీళ్లు పోసుకునేటప్పుడు గడియ పెట్టుకుంటావు గదా, తప్పు చేసేదానికా?"

ఆ రోజే నా ఫోనులో మళ్లీ అడిగాను. ఇది చాలామంది ఆడవాళ్లకు ఉండేదేనని, తగ్గేదేనని చదివి ధైర్యంగా ఆసుపత్రికి పోయాను. ఇన్నాళ్లు ఏం చేస్తున్నావని డాక్టరమ్మ తిట్టి, వ్యాయామాలు నేర్పింది. కొన్ని నెలలు పట్టింది. ఒకరోజు వాచ్‌మన్ ఏదో జోకు వేస్తే, కౌంటరు పట్టుకుని కడుపుబ్బా నవ్వాను. చీర తడవలేదు.

"ఏందక్కా, ఇంత నవ్వు?" అంది సరోజమ్మ.

"ఊరికే."

"ఊరికే నవ్వితేనే బాగుంటాది" అని తన పనిలో పడింది.

ఇప్పుడామె పలమనేరులో ఆవులు మేపుకుంటోంది. ఆ రోజు వెతికింది ఎవరని ఏనాడూ నన్ను అడగలేదు. మా వీధి ఆడవాళ్లు ఫోను తెచ్చి నాతో ఆ బ్రౌజరు వేయించుకుంటారు. వేసిచ్చి, వాళ్లు టైపు కొట్టుకునేంతసేపూ నేను రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ కూర్చుంటాను.