మామయ్య పక్క కుర్చీ

మొన్న ఆదివారం మా చర్చిలో కీబోర్డు వాయించే అమ్మాయి ఏదో మీట నొక్కగానే క్లారినెట్ గొంతు పలికింది. అందరూ మురిసిపోయారు గానీ, దాని కింద వినిపించవలసిన రెండో వరుస లేకపోయేసరికి నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ రెండో వరుసకే కదా నా వయసంతా ధారపోశాను! గుంటూరు నుంచి వచ్చి మౌలాలిలో స్థిరపడ్డ మా కుటుంబంలో సంగీతమంటే పెద్దమామయ్యే. సికింద్రాబాదులో మా చర్చివాళ్లు క్రిస్మస్‌కు కూర్చే ఆర్కెస్ట్రాలో ఆయన మొదటి క్లారినెట్, ఆయన దగ్గర నేర్చుకున్న నేను రెండోది. పాట ఆయనది, దాని కింద తగ్గుస్వరాలు సాగదీయడం, మధ్యలో ఆయన కాగితాలు కూడా తిప్పడం నా పని. పగలంతా బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం కిక్కిరిసిన బస్సులో రిహార్సల్‌కు పోయి తొమ్మిదేళ్లు నేను ఊదింది అదే. పెళ్లయిన కొత్తలో ఒక పాట వాయించమంటే నా వరుసే వాయించాను. మా అత్తగారు ఓపిగ్గా విని, అసలు పాట ఎప్పుడు మొదలవుతుందమ్మా అన్నారు.

పదో ఏడు, పండగ ముందు మామయ్యకు పైపన్ను పీకారు. పైపళ్లు ఆనించనిదే క్లారినెట్ పలకదు. పటాలంలో చేసి రిటైరై తిరుమలగిరిలో ఉండే మా బ్యాండ్ మాస్టరు, ఒంటరిగా వాయించే ఘట్టంతో సహా మొదటి క్లారినెట్ కాగితాలు నా ముందు పెట్టారు. నా ఆనందం ఇంతా అంతా కాదు. వారంపాటు కూరలు మాడ్చుకుంటూ సాధన చేశాను. తీరా పండగ సాయంత్రం అందరూ ఆగి నాకు దారిచ్చిన క్షణాన, నా పాడు వేళ్లు అలవాటు కొద్దీ కింది వరుస పట్టుకున్నాయి! ఎంత పెనుగులాడినా పైకి రాలేకపోయాను. అప్పుడు జనంలో ముందు బెంచీమీద కూర్చున్న మామయ్య, వాచిన నోరు తెరవకుండానే, పాటను గొంతులో ఎత్తుకున్నారు. అదంతా ముందే అనుకున్నదనుకుని జనం చప్పట్లు కొట్టారు. అవి కూడా ఆయనకే.

"ఏందమ్మా గిట్ల జేసినవ్? పాట చేతిలో పెడితే సుత కిందికే పోతివి" అన్నారు మాస్టరు. నీ కింది వరుస వినబడకపోతే నేను ఎత్తుకోగలిగేవాణ్ణా అని మామయ్య ఓదార్చారు. దాంతో నాకు ఇంకా మండింది. మరుసటి ఏడు ఎవరి కుర్చీలో వాళ్లం కూర్చున్నాం.

ఇప్పుడు మామయ్య లేరు, ఆర్కెస్ట్రా లేదు. మొన్న ఆ కీబోర్డు పాటకు నాకు తెలియకుండానే కింది వరుస కూనిరాగం తీస్తుంటే, పక్కనున్నావిడ నా చెయ్యి తట్టి, ట్యూన్ అది కాదాంటీ అంది. ఇది రెండోదని చెప్పబోయి ఊరుకున్నాను. అలాంటిదొకటి ఉండేదని తెలిసినవాళ్లు ఆ హాలంతా వెతికినా ఇంకొకరు లేరు.