అద్దంకిలో అరగంట సినిమా

చూడని చిత్రాన్ని ఖండించడం అధర్మమని నమ్మినందువల్ల నేను అద్దంకి వెళ్ళవలసి వచ్చింది. సోమవారం మా గుంటూరు కళాశాలలో వాదనల పోటీ. "టీవీ ధారావాహికను సినిమాగా తీయడమంటే దాన్ని చంపడమే" అన్న పక్షం నాది. ఆదివారం ఉదయం తొమ్మిదింటికి అరగంట చొప్పున టీవీలో వచ్చిన చారిత్రక సాహస ధారావాహికను ఒక్క వారం కూడా వదలకుండా చూశాను గాని, దాని సినిమా గుంటూరులో వారం ఆడి వెళ్ళిపోయింది. అద్దంకిలో ఆదివారం ఉదయం వేస్తున్నారని తెలిసింది. మొత్తం చూడనిదే నోరు విప్పనని పోటీ నడిపే కార్యదర్శికి చెప్పి బయలుదేరాను.

బస్సు అయిదున్నరకు కదిలింది. చార్జీ తొమ్మిది రూపాయలు. చిలకలూరిపేటలో పది నిమిషాలు ఆగింది, రెండిడ్లీలు, టీ. అక్కడ సుబ్బారావు గారనే అద్దంకి రైతు ఎక్కి నా పక్కన కూర్చున్నారు. కళ్ళాల్లో ఎండుతున్న మిరప ఘాటుకు బస్సంతా తుమ్ముతుంటే, ఆయన మాత్రం గడియారం చూసుకుంటున్నారు.

"తొమ్మిదింటికి నేను లేకపోతే హాల్లో బొమ్మ సరిగా రాదండీ."

"మీరు ఆపరేటరా?"

"కాదండీ. యాంటెన్నా తిప్పుతాను. పంచాయతీ ఆఫీసు టీవీకి రెండేళ్ళు తిప్పింది నేనే."

సినిమాకు యాంటెన్నా అవసరం లేదని మూడు కారణాలతో నిరూపించాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "అందుకే హాలువాళ్ళు పెట్టలా. మేమే వెదురుగడ కట్టుకున్నాం," అన్నారు.

ఎనిమిదీ ఇరవైకి అద్దంకి చేరాం. నేల టికెట్లు అయిపోయాయి. కుర్చీ రెండు రూపాయలు. తొమ్మిది కాగానే మొదట సబ్బు ప్రకటన, తరువాత బొమ్మ పడింది, మసకగా. పైకప్పు మీంచి సుబ్బారావు గారి గొంతు వినిపించింది.

"వచ్చిందా?"

"రాలా! ఒరేయ్ సుబ్బారావ్, ఇంకాస్త తూర్పుకి!"

ఈలోగా ఆపరేటరు లెన్సు సవరించాడు. "వచ్చింది!" అని హాలంతా చప్పట్లు. మధ్యలో కరెంటు పోయింది. మేనేజరు టీవీలో వేసినట్టే "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్న అట్టను లాంతరు వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు. ఒక్క ఈల కూడా వినబడలేదు.

తొమ్మిదీ నలభైకి కథానాయకుడు కోటగోడ అంచున ఒంటిచేత్తో వేలాడుతున్నాడు. కింద మొసళ్ళు. అంతలో లైట్లు వెలిగాయి. జనం లేచి చెప్పులు తొడుక్కున్నారు.

నేను మేనేజరును నిలదీశాను.

"మొదటి వారం మొత్తం వేశానండీ," అన్నాడాయన. "అరగంట కాగానే అందరూ లేచిపోయారు. మిగతాది ఖాళీ కుర్చీలకు చూపించాను. ఇప్పుడు వారానికో ముక్క, హాలు ఫుల్లు. మీరు వీళ్ళను ఒప్పించండి, ఈ క్షణమే మిగతాది వేస్తాను."

కుర్చీ ఎక్కాను. కొన్నదాన్ని పూర్తిగా పొందడం ప్రేక్షకుడి హక్కని ప్రారంభించాను. జనం మర్యాదగా ఆగారు. రెండో అంశంలో ఉండగా ఒకావిడ అడ్డుపడింది.

"అంతా ఇయ్యాలే చూసేస్తే వారమంతా కాయలు కోస్తా ఏం మాట్లాడుకోవాలి బాబూ? టీవీలో తాడు పట్టుకు దిగాడు. ఇక్కడ తాడేదీ, చూశావా?"

చూశాను. తాడు లేదు. అది నాకూ గుచ్చుకుంటూనే ఉంది. అయినా నియమం ప్రకారం మూడో అంశానికి వెళ్ళి, "కనుక" అనబోతుండగా పైకప్పు మీంచి కేక వచ్చింది.

"అయిందా?"

"అయింది!" అని జనం కదిలారు. ఆవిడ వెళుతూ, "బాగా చెప్పావయ్యా. మిగతాది వచ్చే ఆదివారం చెబుదువుగాని," అంది.

పదకొండుకు తిరుగు బస్సు. సుబ్బారావు గారు ఎక్కించడానికి వచ్చి నా చేతిరుమాలు అడిగి తీసుకున్నారు, వచ్చే వారం ముందు వరసలో వేసి చోటు పట్టడానికట. ఈ దారిన వెళ్ళదలచినవారు అయిదు ఆదివారాలు ఖాళీ ఉంచుకోవాలని మనవి.

ధారావాహికను సినిమా చంపుతుందన్న పక్షం నాది. అద్దంకిలో చచ్చింది సినిమానే. అయినా అరగంట మాత్రమే చూసినవాణ్ణి, ఏ పక్షాన మాట్లాడను? తప్పుకుంటున్నానని కార్యదర్శికి ఉత్తరం రాద్దామని కాగితం తీశాను. గుంటూరులో దిగేసరికి అందులో "ఆర్యా" అన్న సంబోధన, దాని కింద నాయకుణ్ణి తాడు లేకుండా దించే నాలుగు ఉపాయాలు ఉన్నాయి. నాలుగోదానికి ఒక మొసలి సహకరించాలి.

కార్యదర్శి ఇంటికి వెళ్ళి నోటితోనే చెప్పి తప్పుకున్నాను. కాగితం ఆదివారానికి దాచుకున్నాను.