వెనక బల్ల మీద కూర్చునే మేస్త్రి

సాలూరు సంత దగ్గర జీపులోకి బియ్యం బస్తాలు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. బళ్లు బాగుచేసే మేస్త్రి షెడ్డు పక్కన టీ కొట్టు నడిపే ఆయన చేశాడు. "మేస్త్రి పోనాడు బాబూ. పొద్దున్న టీ తాగినాడు, గ్లాసు కడిగి బోర్లించినాడు, మంచం మీద నడుం వాల్చినాడు. మరి లేవనేదు" అన్నాడు. నేనేమన్నానో గుర్తు లేదు. బస్తాలు దింపించలేదు. వాటితోనే జీపును షెడ్డు వైపు తిప్పాను.

నేను మాటకారిని కాను. బడిలో చదివింది కొంచెమే. సాయంత్రం పూట డీజిలు, ట్రిప్పుల లెక్క రాసుకోవడం వల్ల అక్షరాలు చేతిలో మిగిలాయి. అంతకు మించి ఎప్పుడూ ఏమీ రాయలేదు. అయితే ఆయన చేసిన పని మీద రోజూ కూర్చుని నాలుగు మెతుకులు తింటున్నవాణ్ణి. ఆయన గురించి ఒక్క మాటా రాయకుండా ఉండడం బాగోదు.

మా సాలూరులో లారీలకీ కొదవలేదు, మెకానిక్కులకీ కొదవలేదు. చాలామంది బండి రాగానే పానా పట్టుకుంటారు. మేస్త్రి ముందు చేతులు వెనక్కి పెట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగేవారు. విప్పిన బోల్టుల్ని కొబ్బరి చిప్పల్లో వేసి, ఏ చిప్ప ఏ భాగానిదో ఆ భాగం కిందే నేల మీద పెట్టేవారు. ఎవరైనా తొందరపెడితే, "పని బేగి అయిపోతే నాకే అనుమానం ఒస్తాది" అనేవారు.

నా జీపు మా నాన్న కాలం నాటిది, పెట్రోలుది. సంత రోజుల్లో కొండ మీది ఊళ్ల వాళ్లని, వాళ్ల చింతపండునీ, చీపుర్లనీ కిందికి దింపి, మళ్లీ పైకి చేర్చడం నా పని. ఇంజను అరిగిపోయింది. వచ్చిన కిరాయి అంతా అదే తాగేసేది. ఇక పాత ఇనుముకి ఇచ్చేద్దామనుకుని మేస్త్రికి చూపించాను. ఆయన కిందికి దూరి, చట్రాన్ని సుత్తితో అక్కడక్కడా తట్టి, బయటికి వచ్చారు.

"ఎముకలు గట్టిగున్నాయిరా. డీజిలు ఇంజను ఎక్కిద్దాం" అన్నారు.

విజయనగరంలో పాత బళ్లు విప్పి అమ్మేచోట ఒక వ్యాను డీజిలు ఇంజను దొరికింది. దానితో వచ్చిన గేరు పెట్టెను అప్పటికే ఎవరో పట్టుకుపోయారు. "మరేటి ఫర్లేదు. నీ జీపు పెట్టె ఉన్నాది కదా. మధ్యన ఒక ఇనప పలక ఏసి కలిపేద్దాం" అన్నారు మేస్త్రి. లేతు మిషను మీద ఆ పలక తనే దగ్గరుండి చేయించారు. వెంట్రుక సందు లేకుండా అమరింది. కాగితాల్లో ఇంజను మార్పు రాయించుకోవడానికి ఆఫీసు చుట్టూ తిరగడం నా వంతు. అదీ అయింది.

మొదటి సంత రోజున మేస్త్రి కూడా వచ్చారు. ముందు సీటు తుడిచి రమ్మన్నాను. రాలేదు. వెనక, జనం మధ్యన బల్ల మీద కూర్చున్నారు.

"ముందు కూకున్నోడికి రోడ్డు కనపడతాది. ఎనక కూకున్నోడికి బండి కనపడతాది. నువ్వు తోలు."

చెప్పులు విప్పి, అరికాళ్లు నేల రేకుకి ఆనించి, కళ్లు మూసుకున్నారు. ఏ బండి బాగు చేసినా ఆయన పరీక్ష అదే.

ఘాటీలో అన్నిటికన్నా నిటారైన మలుపు దగ్గర కింద పళ్లు నూరినట్టు చప్పుడైంది. తర్వాత ఏదో విరిగింది. ఇంజను హోరెత్తుతోంది గానీ చక్రాలకి బలం అందడం లేదు. బ్రేకు మీద నిలబడ్డాను. అయినా బరువుకి జీపు వెనక్కి జారుతోంది. పక్కన లోయ. జనం కేకలు. ఆ కేకల్లోనే మేస్త్రి వెనక బల్ల కింద ఉండే అడ్డు చెక్క లాక్కుని దూకి, వెనక చక్రం కిందికి తోశారు. జీపు ఆగింది.

అందరూ దిగారు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇలాంటప్పుడు మా దగ్గర ఒక వరస ఉంది. మెకానిక్కు డ్రైవరుని అంటాడు, డ్రైవరు రోడ్డుని అంటాడు, రోడ్డు ఎవరినీ అనదు. మేస్త్రి చేతులు గుడ్డతో తుడుచుకుని జనం ముందుకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, తోలినోడి తప్పు గాదు. తప్పు నాది. ఈ ఇంజను బలానికి ఆ పాత పెట్టె ఆగదని నాకు తట్టింది. సరిపోతాదిలే అనుకున్నాను."

వాళ్లలో ఒక ముసలమ్మ ఉంది, నోరు గల మనిషి. "తప్పు సెప్పుకుంటే నా బస్తా కొండెక్కిపోతాదేటి?" అంది.

మేస్త్రి ఆవిడ బస్తా నెత్తిన పెట్టుకుని నడిచారు. ఆవిడ ఊరు చేరేదాకా దింపలేదట.

కొండ దిగి వచ్చాక నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "ఇంజను తోస్తాది, గేరు పెట్టె మోస్తాది. తోసేవోణ్ణి తెచ్చినాను గానీ మోసేవోణ్ణి తేలేదురా."

ఆ ఇంజనుతో పుట్టిన పెట్టె కోసం ఆయన అడుగుతూ అడుగుతూ కొత్తవలస దాకా వెళ్లారు. దాన్ని కొనుక్కుపోయినాయన ఇంకా దేనికీ బిగించకుండా ఒక మూల పెట్టాడు. బతిమాలి సంపాదించి, గోనె చుట్టి బస్సు ఎక్కించారు. అదేమిటని కండక్టరు అడిగితే, "మా ఇంజను పెళ్లాం బాబూ. అలిగి కొత్తవలస ఎల్లిపోనాది, ఇంటికి తీసుకెల్తన్నాను" అన్నారట. ఆ కండక్టరు తర్వాత ఎన్నోసార్లు షెడ్డు ముందు బస్సు నెమ్మది చేసి, "కాపురం ఎలగున్నాది మేస్త్రీ?" అని అడిగేవాడు.

కొత్త పెట్టె పాతదానికన్నా పొడుగు. దాని కోసం ఇంజనును కాస్త ముందుకి జరిపారు. నేల రేకు కోసి మళ్లీ అతికారు. వెనక చక్రాలకి వెళ్లే షాఫ్టును పొట్టి చేయించి, ముందు చక్రాలకి వెళ్లేదాన్ని పొడిగించారు. గేరు కర్ర నా మోకాలి పక్కకి వచ్చింది. నేల నిండా కొబ్బరి చిప్పలే. చివరి చిప్ప ఖాళీ అయ్యాక గానీ జీపు బయటికి రాలేదు.

జీపు వచ్చింది, జనం రాలేదు. సంత దగ్గర నిలబెట్టుకుని కూర్చున్నాను. వేరే బళ్లు నిండి వెళ్లిపోతున్నాయి. కొందరు నెత్తిన మూటలతో నడిచిపోతున్నారు. ముసలమ్మ నా ముందు ఆగి, "నీ బండి ముందుకెల్తాదో ఎనక్కెల్తాదో ముందు సెప్పు బాబూ. అప్పుడెక్కుతాను" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు అలాగే ఉండిపోతే ఆ జీపు అమ్మేసి ఎక్కడికైనా కూలికి పోవలసిందే. నాకు వేరే పని రాదు.

సంతలోనే ఉన్న మేస్త్రి ఇదంతా చూశారు. తర్వాత ఇంటికి వెళ్లి భార్యను వెంటబెట్టుకు వచ్చారు. నేను ఆవిడని అక్క వరసలో అప్ప అని పిలుస్తాను. అప్ప నోట్లో అడ్డచుట్ట ఉంది, నిప్పు కొస లోపలికి పెట్టి. దాన్ని తీసి గట్టిగానే అడిగింది.

"కూర పొయ్యి మీదున్నాది మావా. ఏటీ గొడవ?"

"ఎక్కి కూకో. కొండ సూపిస్తాను."

"పెల్లైన కాణ్ణుంచి సూపించనోడివి, ఇప్పుడేటి కొండ?"

ఈసారి జనం వేరేలా నవ్వారు. మేస్త్రి ఆవిడని వెనక బల్ల మీద కూర్చోబెట్టి, పక్కన తను కూర్చుని, అడ్డు చెక్క ఆవిడ ఒళ్లో పెట్టారు. "అవసరమైతే నాకియ్యి."

"అవసరం రాకపోతేనో?"

"పొయ్యిలో ఎట్టీ."

ముసలమ్మ వాళ్లిద్దరినీ ఎగాదిగా చూసింది. "సొంత పెళ్లాన్నే ఎక్కించినాడు. జరగవే" అని అప్పని తోసి ఎక్కింది. ఆవిడ ఎక్కితే మిగతావాళ్లు ఎక్కారు.

ఆ మలుపు దగ్గర ముందుగానే చిన్న గేరులోకి మార్చాను. జీపు ఎద్దు గట్టు ఎక్కినట్టు నిదానంగా ఎక్కేసింది. ముసలమ్మ గట్టిగా మూసుకున్న కళ్లు తెరిచి, "అయిపోనాదా?" అని అడిగి, అప్ప దగ్గర చుట్ట పుచ్చుకుంది. ఆ రోజు నుంచి నాకు ఖాళీ ట్రిప్పు పడిన సంత లేదు. నా పిల్లల చదువులూ, ఇంటి పైకప్పూ ఆ మలుపు మీదుగా వచ్చినవే.

ఆయనకి నేను ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. చెప్పబోతే పానా అందించమనేవారు. ఇంజను బాగు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పదిమంది ముందు తప్పు నాదని నిలబడి, తన పని మీద తన మనిషినే కూర్చోబెట్టినవాడిగా నేను చూసింది ఆయన్ని ఒక్కరినే. ఆయన నాకిచ్చిన అసలు వస్తువు అదే అనుకుంటాను.

మొన్న దినకార్యాలు అయ్యాక వచ్చిన సంతకి అప్ప వచ్చింది. కొండ మీది వాళ్లకి తనే చెప్పాలంది. ముందు సీటు తుడిచి తలుపు తీశాను.

"ముందు నాకేటి పని తమ్ముడా" అని వెనక్కి వెళ్లింది. ముసలమ్మకి ఇప్పుడు చూపు ఆనదు. చేత్తో తడిమి చూసి, ఎవరో తెలుసుకుని, జరిగి చోటిచ్చింది. అప్ప బల్ల కింద చెయ్యి పెట్టి అడ్డు చెక్క బయటికి తీసింది. అది ఇన్నేళ్లూ అక్కడే ఉంది. పొయ్యిలోకి పోలేదు.

మలుపు దగ్గర గేరు మార్చి అద్దంలోకి చూశాను. చెక్క ఒళ్లో ఉంది. అప్ప చెప్పులు విప్పి పక్కన పెట్టింది. రెండు అరికాళ్లూ నేల రేకుకి ఆనించి, కళ్లు మూసుకుంది. జీపు మలుపు దాటింది. తర్వాత రోడ్డు చదునుగానే ఉంటుంది. అప్ప కాళ్లు తియ్యలేదు.